గీత మీద నేను, సోఫా మీద ఆయన

ఇల్లాలికి ఆర్థికశాస్త్రం చేసినంత మేలు ఇంకెవరూ చేయలేదు. నవ్వకండి! తొమ్మిదితో చదువు ఆగిపోయినదానికి ఆ శాస్త్రంతో పనేమిటనీ అడక్కండి. డిగ్రీ చదివే మరిది ఇంట్లో ఉంటే శాస్త్రాలు వాటంతటవే వచ్చి నెత్తిన కూర్చుంటాయి.

సంగతేమిటంటే, నాకు పదో తరగతి పరీక్ష రాయాలని ఉంది. వీధి చివర సాయంత్రం క్లాసులు పెట్టారు, వెళ్తానన్నాను. స్కూలు చొక్కాలు కుట్టే మిషను మూలపడుతుందని అత్తయ్య బెంగ. పాపాయికి పాలెవరు పడతారని మావారి బెంగ. మరిదికి బెంగే లేదు.

"ఇది ట్రేడాఫ్ వదినా!" అంటూ నా చేతిలో చాక్‌పీసు లాక్కుని, బల్ల మీద పరిచిన యూనిఫాం గుడ్డ మీదే బొమ్మ వేశాడు. "నిలువుగా నువ్వు కుట్టే చొక్కాలు, అడ్డంగా పాపాయి పనులు. నీకున్న టైమంతా వాడేస్తే ఈ వంపు మీద ఎక్కడో ఒకచోట ఉంటావు. అవి పెరిగితే ఇవి తగ్గాలి. దీన్నే ఉత్పత్తి అవకాశాల రేఖ అంటారు."

"మరి చదువు?"

"బొమ్మలో రెండిటికే చోటు."

ఎంత హాయి! ఇన్నాళ్లూ నిద్ర చాలట్లేదని కుమిలిపోయేదాన్ని. అసలు నిద్రకి బొమ్మలో చోటే లేదట! నడుం నొప్పికీ లేదు. వేడన్నం తినడానికీ లేదు. లేనివాటి కోసం ఏడవడం ఎంత తెలివితక్కువ!

ఇంతలో పాపాయి దగ్గింది. నేను లోపలికి పరిగెత్తాను. వచ్చేసరికి అత్తయ్య, పాపం నాకు సాయం చేద్దామని, కత్తెర పట్టుకుని ఆ వంపు వెంబడే గుడ్డ కోసేసింది. చొక్కా చంక దగ్గర తీసే రౌండు అచ్చం అలాగే ఉంటుంది మరి!

"అమ్మా, అది ఎకనామిక్స్!" అని మరిది గొల్లుమన్నాడు.

"ఏదైతేనేం రా, చంక కాస్త వదులుగా వస్తుంది, అంతేగా!" అంది అత్తయ్య.

ఆ గుడ్డకి అతుకు వేస్తూ, మరిది వదిలేసిన పుస్తకం తిరగేశాను. తరువాతి పేజీలో గీతకి లోపల ఒక చుక్క ఉంది. అక్కడున్నామంటే ఏదో ఒక వనరు వాడకుండా పడి ఉన్నట్టట! ఇల్లంతా వెతికాను. ఫ్యాను తిరుగుతోంది. కుక్కరు కూస్తోంది. అత్తయ్య బట్టలు ఆరేస్తోంది. సోఫా దగ్గర ఆగాను. వనరు ఫోను చూసుకుంటోంది.

"ఏమండీ, సాయంత్రాలు మీరు కాస్త పాపాయిని..."

"నాకు పాలు కలపడం రాదే!"

"శిక్షణ ఇస్తే గీత బయటికి జరుగుతుంది అన్నయ్యా, రెండు పనులూ పెరుగుతాయి, పుస్తకంలోనే ఉంది," అన్నాడు మరిది.

"నువ్వెవరి వైపు రా?"

మర్నాడు పాపాయిని ఆయన చేతిలో పెట్టి క్లాసుకి వెళ్లాను. మనిషి బెంచీ మీద, ప్రాణం పాలసీసా మీద. పాలు మరీ వేడిగా ఉన్నాయేమో? దగ్గు మళ్లీ మొదలైందేమో? అనుకుంటుండగానే ఫోను. "పాలపొడి డబ్బా ఎక్కడ?" చెప్పాను. మళ్లీ ఫోను. "మూత ఎటు తిప్పాలి?" మళ్లీ ఫోను. "ఏడుస్తోంది. మామూలుగా ఎందుకు ఏడుస్తుంది?" పంతులమ్మ నా వైపు చూసిన చూపు నేను జన్మలో మర్చిపోను.

ఇంటికొచ్చి చూస్తే కళ్లు చెమర్చాయి. మావారు పాపాయిని ఎత్తుకుని గదంతా తిరుగుతున్నారు. అత్తయ్య సీసా పట్టుకుని ఆయన వెనకే తిరుగుతోంది. మరిది గిలక్కాయ ఆడిస్తున్నాడు. పక్కింటావిడ మా పొయ్యి దగ్గర నీళ్లు కాస్తోంది. వనరుల పూర్తి వినియోగం అంటే అదీ! అర్థశాస్త్రానికి చేతులెత్తి మొక్కాను.

"ఇంతమందిమి ఉన్నా చేతులు చాలట్లేదు," అన్నారు మావారు చెమట తుడుచుకుంటూ.

నిజమే. నిన్నటిదాకా ఆ పనంతా మిషను తొక్కుతూ నేనొక్కదాన్నే చేసేదాన్ని. మీ ఆవిడ ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే ఆయన చెప్పే జవాబు అప్పుడు చాలా చిన్నది: "ఏముంది, ఇంట్లో ఖాళీగానే ఉంటుంది."