మల్లన్న పంపిన కుక్క

గురువారం ఉదయం తొమ్మిది ఇరవైకి కొత్త పొయ్యి మీద పాలు పొంగించి, పది గంటలకల్లా పదకొండేళ్ల ఉమ్మడి వంటింటికి దండం పెట్టేయాలని నీల నిశ్చయించుకుంది. నిశ్చయంలో లోపమేమీ లేదు. వేరు పడే ఒప్పందాన్ని కులపెద్ద రాజమౌళి నెల కిందటే కుదిర్చాడు: ముందిల్లు పెద్దకొడుకు రాజానికి, వెనక రెండు గదులు మస్కట్‌లో పనిచేస్తున్న చిన్నకొడుకు సతీశ్‌కు, తల్లి మొగిలవ్వ పెద్దకొడుకు పాలికి. ఈ చివరి మాట విన్నప్పుడు సతీశ్ భార్య నీల ముఖంలో వెలిగిన కాంతిని రాజమౌళి వినయమనుకుని మెచ్చుకున్నాడు.

మొగిలవ్వ చెడ్డమనిషి కాదు. కోడలు వండిన ప్రతి కూరలోనూ చివరి నిమిషంలో పిడికెడు కారం కుమ్మరించడం, ఆపైన కోడలి చేతికి కొలత తెలియదని ఊరందరికీ చెప్పడం ఆమెకున్న ఏకైక వ్యసనం.

శుక్రవారం నుంచి మూఢం. మూడు నెలలపాటు ఏ శుభకార్యమూ కుదరదు. ఆ తొందరలో వెనక గదికి తలుపు బిగించకముందే ముహూర్తం పెట్టించవలసి వచ్చింది. తలుపు లేని గుమ్మం పిలిచినవాళ్లకూ పిలవనివాళ్లకూ తేడా చూపదు. నీల కుంకుమ భరిణె కోసం ముందింటికి వెళ్లిన ఐదు నిమిషాల్లో, కోరుట్ల బస్టాండు వెనక సందుల్లో పుట్టి పెరిగిన రెండు నెలల కుక్కపిల్ల ఒకటి వచ్చి, తడి ఆరని పసుపు గడప మీద హాయిగా పొర్లి, ఆ తరువాత పొయ్యి పక్కన నేల మీద పెట్టిన పాలగిన్నెలో తల దూర్చింది.

దీనికి సాక్షి ఒక్కడే. పాలు పొంగడం చూడాలని పనికి గంటసేపు సెలవు పెట్టిన సతీశ్, ఉప్పుడబ్బాకు ఆనించిన ఫోన్‌లోంచి కుక్కను అదిలిస్తూనే ఉన్నాడు. కుక్కపిల్ల ఒకసారి తలెత్తి అతణ్ణి చూసి, మస్కట్ ఎంత దూరమో సరిగ్గానే అంచనా వేసి, మళ్లీ పాలలో మునిగింది.

నీల తిరిగి వచ్చేసరికి వెనకాలే అత్త, తోటికోడలు రుక్కమ్మ, బావ రాజం, పెద్దమనిషి రాజమౌళి వచ్చారు. గిన్నె అడుగున గుక్కెడు పాలు మిగిలాయి. పక్కనే పచ్చని ఒంటితో, తెల్లని మూతితో కుక్కపిల్ల కూర్చుని ఉంది.

"కుక్క మూతి వెట్టిన పాలు పొంగిస్తరా ఏడనన్న," అంది రుక్కమ్మ. గొంతులో విచారం ఉంది. అత్తను ఒంటరిగా భరించే రోజు వెనక్కి జరుగుతున్నందుకు కళ్లలో మాత్రం లేదు.

రాజమౌళి గొంతు సవరించుకున్నాడు. "ఇగ మూఢం పోయినంకనే సూసుకోవాలె బిడ్డా. మూడు నెలలంటే ఎంత, కండ్లు మూసి తెరిచినంత."

నీల కళ్లు మూసుకుంది. మూడు నెలల కారం కనిపించింది. తెరిచింది. పసుపు పూసుకున్న కుక్కపిల్ల కనిపించింది. అత్తవారి ఇలవేల్పు మల్లన్న. మల్లన్న ప్రసాదం బండారి, అంటే పసుపే. ఇంట్లో ఉన్న పటంలో మల్లన్న కాళ్ల దగ్గర కుక్క ఉంటుంది. ఈ మూడింటినీ కలపడానికి ఆమెకు ఒక్క శ్వాస సరిపోయింది.

"అత్తమ్మా, గిది ఉత్త కుక్క గాదు. ఒళ్లంత బండారి వూసుకొని అచ్చింది సూడు. మల్లన్న పంపిండు."

"ఏ, గది గడప మీద పొర్లితే అంటింది, నేను సూసిన..." అని ఫోన్‌లో సతీశ్ మొదలుపెడుతుండగా, నీల భర్తను భక్తితో బోర్లా పడుకోబెట్టింది.

మొగిలవ్వ అప్పటికే చేతులు జోడించింది. రాజమౌళి కూడా తీర్పు సవరించాడు: దేవుడి కుక్క ముట్టినది ఎంగిలి కాదు, నైవేద్యం. రాజం పరుగున పోయి తెచ్చిన పాలప్యాకెట్ అందులో కలిపారు. ముహూర్తం రెండు నిమిషాలు దాటినా పాలు తూర్పు వైపే పొంగాయి.

అబద్ధం అక్కడితో ఆగితే నీల గెలిచేది. పదింటికి వాడకట్టు ఆడవాళ్లు పసుపు పళ్లాలతో వచ్చారు. పదకొండింటికి కుక్కపిల్ల మెడలో బంతిపూల దండ పడింది. పక్కింటి ముసలమ్మ నాగవ్వ తన మనవడికి దుబాయి వీసా వస్తుందా అని దాని చెవిలో అడిగింది. బంతిపూల ఘాటుకు అది రెండుసార్లు తుమ్మింది. రెండు తుమ్ములు శుభమని కొందరు, దేవుడు రెండుసార్లు వద్దన్నాడని కొందరు వాదించుకున్నారు. ఇరుపక్షాలకూ నీల చాయ్ పోసింది. కొత్త పొయ్యి మీద ఆమె చేసిన మొదటి వంట నలభై రెండు గ్లాసుల చాయ్. కుక్కపిల్లను బయటికి పంపే ఆలోచన ఆమెకు రాకపోలేదు. దేవుడు పంపినదాన్ని తిప్పి పంపే పద్ధతే ఎవరికీ తెలియదు.

మధ్యాహ్నం మూడింటికి రాజం చెమటలు కక్కుతూ ఒక నులక మంచాన్ని వెనక గదిలోకి మోసుకొచ్చాడు. రెండోవైపు రుక్కమ్మ పట్టింది. ఆ వెనక బట్టల మూట, దిండు, మల్లన్న పటం చంకన పెట్టుకుని మొగిలవ్వ.

"నా మల్లన్న ఏడుంటే నేనాడ, బిడ్డా. పెద్దోనికి చెప్పిన. వాడు వద్దన్లే."

ఒప్పందం మాటేమిటని నీల రాజమౌళిని అడిగింది. ఒప్పందం మనుషులు చేసిందనీ, ఇది దేవుడు చేసిందనీ ఆయన ఆమె పోసిన నాలుగో గ్లాసు తాగుతూ వివరించాడు. దేవుణ్ణి రంగంలోకి దించింది తానే కనుక నీల పై కోర్టుకు పోలేకపోయింది.

పొద్దు గూకకముందే రుక్కమ్మ ఎండుచేపలు వేయించింది. ఆ వాసన పట్టుకుని కుక్కపిల్ల ముందింటికి నడిచి, బియ్యం బస్తా మీద ముడుచుకుని పడుకుంది. ఎవరు పిలిచినా రాలేదు. నీలకు ప్రాణం లేచివచ్చింది.

"అత్తమ్మా, మల్లన్న అక్క తానకు పోయిండు. ఇగ నువ్వు గూడ పోవాలె గదా."

మొగిలవ్వ మంచం మీద తీరికగా కాళ్లు చాపుకుంది. "దేవుడన్నంక నాలుగిండ్లు తిరుగుతడు బిడ్డా. మంచం తిరుగుతదా?"

నాటి నుంచి రుక్కమ్మ ఆ కుక్కపిల్లకు రోజూ ఒక కోడిగుడ్డు ఉడికించి పెడుతోంది.