బ్రేకు మాస్టారి ఓడ ప్రయాణం

మా ఊళ్ళో స్టీరింగు పట్టుకున్నవాళ్ళలో సగం మంది నా శిష్యులే. మిగతా సగం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, ఆ సంగతి వాళ్ళు నడపడం చూస్తేనే తెలుస్తుంది. డ్రైవింగ్ స్కూలు మూసేసి ఇంట్లో కూర్చున్నా, జనం నన్ను ఇప్పటికీ 'బ్రేకు మాస్టారు' అనే పిలుస్తారు.

స్కూలు పోయినా స్కూలు కారు మా వాకిట్లోనే ఉంది. నేర్పే కారుకు రెండు బ్రేకులుంటాయి, నేర్చుకునేవాడికి ఒకటి, పక్కన కూర్చుని ప్రాణాలు ఉగ్గబట్టుకునేవాడికి ఒకటి. పెళ్ళయిన కొత్తలో మా ఆవిడకూ నేర్పబోయాను. మొదటి కూడలి దగ్గరే ఇద్దరికీ మాటలు లేకుండా పోయాయి. ఆనాటి నుంచి స్టీరింగు నాది, పక్క సీట్లో కూర్చుని బ్రేకు తొక్కే పని ఆవిడది. సంసారమూ అదే పద్ధతిలో నడిచింది. సాఫీగానే నడిచింది లెండి.

ఆ కారంటే నాకు ప్రాణం. మా అమ్మాయి పసిపిల్లగా ఉన్నప్పుడు ఎంతకీ నిద్రపోకపోతే వెనక సీట్లో వాళ్ళమ్మ ఒళ్ళో పడుకోబెట్టి వీధులన్నీ తిప్పేవాణ్ణి. పిల్ల నిద్రపోయేది, వాళ్ళమ్మా నిద్రపోయేది, నేనొక్కణ్ణే మేలుకుని ఇల్లు చేర్చేవాణ్ణి. ఇప్పటికీ తలుపు తీస్తే ఆ పాత సీట్ల వాసనకే నా మనసు ఎటో వెళ్ళిపోతుంది.

అలాంటి కారు గురించి మా ఆవిడ ఒక ఆదివారం ఏమందో చూడండి.

"పాత ఇనుము కొనే ఆయనతో మాట్లాడాను. వచ్చి తీసుకుపోతానన్నాడు."

"మనింట్లో పాత ఇనుమేముంది?"

"వాకిట్లో ఉంది. నాలుగు చక్రాలు కూడా ఉన్నాయి."

నాకు గుండె ఆగినంత పనైంది. కానీ ఉపాయాలకు నా దగ్గర కొదవా? మా ఆవిడకు ఒక అక్కయ్య ఉంది. సరిహద్దు దాటి, ఆపైన సముద్రం కూడా దాటితే వచ్చే దేశంలో కాపురం. "కారుతో సహా ఓడ ఎక్కించుకుంటారట, వెళ్ళి అక్కను చూసొద్దామండీ" అని మా ఆవిడ కొత్త కాపురంలోనే ముచ్చటపడితే, "వచ్చే వేసవికి" అన్నాను. ఆ వేసవి ఇంతవరకూ రాలేదు. అక్కయ్యే అప్పుడప్పుడూ వచ్చిపోయేది. మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాక ఆవిడా రావడం మానేసింది.

"అయ్యయ్యో, అమ్మేస్తే ఎలా! ఆ కారులోనే నిన్ను మీ అక్కయ్య దగ్గరికి తీసుకెళ్దామనుకుంటుంటే!" అన్నాను.

మీ దగ్గర దాపరికమెందుకు, నాకు వెళ్ళే ఉద్దేశం లేదు. నాకు నీళ్ళంటే భయం. ఎంత ఘోరమైన శిష్యుడు నడిపినా నా కాలికింద బ్రేకుండేది. ఓడలో నా కాలికింద ఏముంటుంది? ఆవిడ నాలుగు రోజులు మురిసిపోతుంది, కాగితాలు రావు, కారు మిగులుతుంది. ఇదీ నా పథకం.

మా ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "ఎప్పుడు?"

"అంత తేలికా? సరిహద్దు దాటాలంటే కారుకు కూడా అనుమతి కావాలి. ఆఫీసువాళ్ళు చెప్పులరిగేలా తిప్పుతారు."

"అయితే కొత్త చెప్పులేసుకోండి. రేపే వెళ్దాం."

ఆఫీసులో అడుగుపెట్టగానే అధికారి లేచి నిలబడ్డాడు. "మాస్టారూ! గుర్తుపట్టారా? మన కారుతో పాలబండిని గుద్దింది నేనే!"

గుర్తుపట్టకేం. వారం రోజులు కారంతా విరిగిన పాల వాసన. "బాబూ, మనవాళ్ళని మొహమాటపడకు. లోపాలేమన్నా ఉంటే నిర్దాక్షిణ్యంగా ఆపెయ్" అని చెవిలో చెప్పాను.

"మీ నిజాయితీ ఏమీ మారలేదు మాస్టారూ" అని కళ్ళొత్తుకుని ముద్ర గుద్దేశాడు.

ఓడ టికెట్లిచ్చే అమ్మాయీ నా శిష్యురాలే. "మాస్టారికి కిటికీ ఉన్న గదే ఇస్తా. నాలుగు వైపులా నీళ్ళు కనిపిస్తాయి" అంది.

చివరి ఆశగా కారును మెకానిక్కు చూపించి, పనికిరాదని చెప్పమని కన్నుగీటాను. "కంట్లో నలుసు పడిందా మాస్టారూ?" అని అతను నా కంట్లో ఊదాడు. ఇంజను మాత్రం రాయిలా ఉందన్నాడు.

ఇక మిగిలింది డాక్టరు. "సముద్రం మీద నా గుండె ఆగిపోతుందేమోనయ్యా" అన్నాను.

"నాకు డ్రైవింగ్ నేర్పినప్పుడే ఆగలేదు, ఇప్పుడేం ఆగుతుంది? నిశ్చింతగా వెళ్ళి రండి."

ఎవరిని అడిగినా ఇదే వరస. ఇంత మందికి నేర్పకుండా ఉండాల్సింది.

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ పెట్టె సర్దుతోంది. అక్కకోసం అల్లిన శాలువా అందులో పెడుతోంది, తీసి మళ్ళీ మడత సరిచేసి పెడుతోంది. నా మీద నాకే అసహ్యమేసింది. అయినా భయం భయమే కదా. గుండె రాయి చేసుకుని నా ప్రాణాన్నే పణంగా పెట్టాను.

"ఏమోయ్, ప్రయాణం మానేద్దాం. కారు అమ్మేద్దాం. ఆ ఇనుము ఆయన్ని పిలువు."

"ఏ ఇనుము ఆయన?"

"వచ్చి తీసుకుపోతానన్నాడన్నావుగా!"

"నేనెవరితోనూ మాట్లాడలేదు" అంది ఆవిడ తాపీగా. "అక్కను చూద్దామంటే మీరు కదలరు. కారు జోలికొస్తే మాత్రం కదులుతారని అక్కే చెప్పింది. కావాలంటే అడగండి" అంటూ ఫోను కలిపి నా చేతిలో పెట్టింది.

నేను నోరు తెరిచేలోపే అవతలి నుంచి గొంతు వినిపించింది. "కోపం వచ్చిందా మరిదిగారూ? మీకు నీళ్ళంటే భయమని మా ఇద్దరికీ ఎప్పట్నుంచో తెలుసు. రేవు దగ్గరికి నేనే వస్తాను, కుర్చీ వేసుకుని కూర్చుంటాను. మా చెల్లెల్ని ఒక్కసారి చూడాలనుంది. వచ్చే వేసవి అంటారేమో, ఈ వయసులో మాకింకెన్ని వేసవులుంటాయి చెప్పండి?"

మా ఆవిడ నా మొహమే చూస్తోంది. శాలువా ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది.

"వదినగారూ, మీ రేవు దగ్గర కారు ఆపుకోవడానికి చోటుంటుందా?" అన్నాను.

అక్కడ అక్క ఏడుస్తోంది, ఇక్కడ చెల్లెలు ఏడుస్తోంది. నేను ఫోను చెల్లెలి చేతికిచ్చి, టైర్లలో గాలి చూసే వంకతో బయటికొచ్చేశాను.