పచ్చలైటు వెలిగే పెట్టె

"తన ఫొటోలను పరాయివాడి కంప్యూటర్లో దాచుకునేవాడికీ, తన బట్టలు పక్కింటి దండెం మీద ఆరేసుకునేవాడికీ తేడా లేదు!"

ఆఫీసు క్యాంటీన్లో ఈ ప్రకటన చేసిన రోజు నుంచి అకౌంటెంటు పరపతి అమాంతం పెరిగింది. సరిగ్గా అప్పుడే సర్వర్ ఇన్‌ఛార్జి కుర్చీ ఖాళీ అయింది. పోటీలో ఇద్దరే మిగిలారు. ఒకడు తను, రెండోవాడు అదే ఆఫీసులో స్టోర్సు చూసే బావ, అక్క మొగుడు.

ఫొటోలు దాచడానికి ఇంట్లోనే సొంత సర్వర్ పెట్టుకున్నామని ఇద్దరూ చెప్పుకునేవారు. ఇద్దరిదీ సోలారిస్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ సంప్రదాయమే. ఆ పెద్దాయన వంశంలో పుట్టిన సిస్టమ్‌లలో అకౌంటెంటు ఒమ్నీఓఎస్ పక్షం. నిదానం, నిలకడ దాని గుణాలని చెప్పేవాడు. బావ స్మార్ట్‌ఓఎస్ మనిషి. పెన్‌డ్రైవ్ మీంచే లేచి పనిచేస్తుంది, డిస్కంతా మన సామానుకే వదిలేస్తుంది అని అతని వాదన. మధ్యలో ఎవరైనా అదే వంశంలోని ఓపెన్‌ఇండియానా పేరెత్తితే, "అది డెస్క్‌టాప్ కావాలనే వాళ్లకి లెండి" అని బావా బావమరుదులు ఒక్కటయ్యేవారు.

ఆదివారం మేనేజరు బావను వెంటబెట్టుకుని అకౌంటెంటు ఇంటికొచ్చాడు.

"విన్నది చాలు. మీ సర్వర్ చూపించండి. నచ్చితే కుర్చీ మీదే."

అకౌంటెంటు రిమోట్ కోసం వెతికాడు. హాల్లో మూలన పెట్టె ఉన్నమాట నిజం. ఫ్యాను తిరుగుతోంది, పచ్చలైటు వెలుగుతోంది. కానీ ఏ సిస్టమ్ ఎక్కించాలో పోల్చి పోల్చి, ఇంతవరకూ ఏదీ ఎక్కించనే లేదు. ఫొటోలన్నీ ఎవరికీ తెలియకుండా ఇంటర్నెట్‌లోని అద్దె క్లౌడ్‌లో కాపురముంటున్నాయి.

రిమోట్ నొక్కాడు. మొదటి ఫొటో టీవీలో ప్రత్యక్షమైంది.

"ఇంత వేగమా?" అన్నాడు మేనేజరు.

"సొంతిల్లు కదా సార్," అన్నాడు అకౌంటెంటు వినయంగా.

రెండో ఫొటో దగ్గర తెర మీద చక్రం తిరగడం మొదలైంది. తిరుగుతూనే ఉంది.

వంటింట్లోంచి భార్య కేకేసింది. "ఏమండీ, ఇంటర్నెట్ పోయింది చూశారా?"

మేనేజరు కనుబొమలు ముడిపడ్డాయి. "పెట్టె ఇక్కడే ఉంది, టీవీ ఇక్కడే ఉంది. మధ్యలో ఇంటర్నెట్‌తో పనేంటి?"

అకౌంటెంటుకి కుర్చీ కాళ్లు విరుగుతున్న చప్పుడు వినిపించింది. ఇక బావ నోరు విప్పడమే తరువాయి.

బావ నోరు విప్పాడు.

"స్క్రబ్బింగ్ సార్. డిస్కు తన తప్పులు తనే వెతుక్కుంటుంది. ఆ టైంలో దాన్ని కదపకూడదు. మా బావమరిది చాలా పద్ధతైన మనిషి."

"ఆ అలవాటు మనుషులకీ ఉంటే బాగుండేది," అన్నాడు మేనేజరు.

అకౌంటెంటు తెల్లబోయాడు. అక్క పెళ్లయిన నాటినుంచి బావ తనను మెచ్చుకున్న పాపాన పోలేదు. ఇవాళ, అదీ కుర్చీ చేతికందే వేళ, ఇంత ప్రేమేమిటి?

మేనేజరు లేచాడు. "సరే, దీన్ని తీరిగ్గా వెతుక్కోనివ్వండి. స్టోర్సుగారూ, మీ ఇల్లు పక్క వీధే కదా. పదండి, మీ స్మార్ట్‌ఓఎస్ చూసేద్దాం."

బావ సోఫాలోంచి కదల్లేదు. రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

"ఇవాళొద్దు సార్. మా వీధిలో కూడా ఇంటర్నెట్ పోయి ఉంటుంది."