మౌన పాలనా శాఖవారి నామశ్రవణం

మొదట కూత వినబడింది. ఊరి నెత్తిమీద ఎవరో ఇత్తడి బిందెను ఈడ్చుకుపోతున్నట్టు సన్నగా మొదలై, లావై, కిటికీ అద్దాలను గడగడలాడించి, ఠక్కున ఆగింది. ఆ తరువాత ఏమీ వినబడలేదు. వినబడకూడదు. అది చట్టం.

యుద్ధాలు జాతులను పుట్టిస్తాయి, ఉద్యమాలు పెంచుతాయి, సైరన్లు నిలబెడతాయి. ఈ మూడో సత్యాన్ని చరిత్రకారులు రాయలేదు గానీ, నామశ్రవణ కార్యాలయపు వరుసలో నిలబడిన రైల్వే అనౌన్సరుకు అది మోకాలి నొప్పిగా తెలుసు. చంకలోని పిల్లవాణ్ణి కుడి నుంచి ఎడమకు మార్చుకునే మధ్యలో కూత ఆగింది. పిల్లవాడు గాలిలో ఉన్నాడు. (మౌనవేళ కదలిక నిషిద్ధం కాదు, అనుచితం మాత్రమే. నిషిద్ధానికి జరిమానా, అనుచితానికి ఉపన్యాసం. జనం జరిమానానే కోరుకుంటారు.) ఆమె ముందున్న పెద్దమనిషి ఆవలింత నడుమ చిక్కుపడి, నోరు మూయడం ఉచితమో కాదో తేలక అలాగే నిలిచాడు. వెనక ఆమె తల్లి ఒక్కతే, పుట్టుకతోనే మౌనం వచ్చినదానిలా, తాపీగా తల వంచుకుంది.

పూర్వం ఆ దేశానికి ఒకే ఒక మౌనం ఉండేది. స్వాతంత్ర్య యుద్ధంలో పోయినవారి కోసం, ఏడాదికోసారి, చూడముచ్చటగా. తరువాత, ఆ యుద్ధంలో ఓడినవారి మనుమలు ఎన్నికల్లో గెలిచి తమవాళ్ళకూ ఒకటి వేయించుకున్నారు. ఉత్తరపు లోయను గెలవడానికి ఒక యుద్ధం, ఆ లోయను ఎవరికైనా అంటగట్టడానికి మరో యుద్ధం జరిగాయి; చెరొక మౌనం దక్కింది. రాజును దించిన ఉద్యమానికొకటి, ఆ ఉద్యమాన్ని దించిన ఉద్యమానికొకటి, అసలు రాజే నయమన్న ఉద్యమానికొకటి (ఇది కాస్త పొట్టిది). ఏడాది నిండిపోయింది, నెలలు నిండాయి, రోజులూ నిండసాగాయి. చివరికి, మాకీ మౌనాలు వద్దు మొర్రో అని జనం వీధికెక్కారు. మౌన వ్యతిరేకోద్యమం ఘనవిజయం సాధించింది. దాని అమరవీరుల స్మారక మౌనమే నేడు అన్నింటిలోకీ పొడవైనది.

ఇక మాటకు మిగిలినవి మౌనాల మధ్య సందులు. పెళ్ళిళ్ళూ పేచీలూ, బేరాలూ బుజ్జగింపులూ, సమస్తం ఆ సందుల్లోనే ఇరుక్కుని కాపురం చేస్తున్నాయి. అనౌన్సరుకు ఆమె భర్త తన ప్రేమ సంగతి చెప్పడం మొదలుపెట్టిన వాక్యం ముగిసేసరికి వానాకాలం దాటింది. ఆమె మాత్రం వృత్తిరీత్యా ఆరితేరింది: ఒక్క సందులో రైలు పేరు, వేళ, ప్లాట్‌ఫారం, ఆలస్యానికి విచారం, అన్నీ కుక్కి, ఆఖరి అక్షరం మీద తలుపు మూసినట్టు మూయగలదు. విచారాన్ని మాత్రం ఈమధ్య మానేసింది. అది ఎటూ ఉన్నదేనని ప్రయాణికులకు తెలుసు.

ఇప్పుడామెకు కావలసింది ఒక్క పేరు పట్టేంత సందు.

బిడ్డ పేరును ఇంటివారెవరైనా నామశ్రవణాధికారి ఎదుట బిగ్గరగా పలకాలి, ఆయన స్వయంగా వినాలి. ఏడాది నిండేలోపు ఇది జరగకపోతే, మౌన పాలనా శాఖే తన దగ్గర నిల్వ ఉన్న చారిత్రక ఘట్టాల్లోంచి ఒకటి తీసి పెట్టేస్తుంది. ఎదురింటి పాప అలాగే ‘తాత్కాలిక సంధి’ అయింది. టికెట్ల గుమాస్తా కొడుకు ‘సరిహద్దు సర్దుబాటు’. (ఇంట్లో ముద్దుగా ‘సర్దు’ అంటారు. మంచి పిల్లవాడు, ఒకచోట కుదురుగా ఉండడు.) అనౌన్సరు కొడుక్కి ఈరోజుతో ఏడాది నిండుతుంది.

ఆమె పెట్టదలచినది తన అన్న పేరు. అన్న తూర్పు కొండ యుద్ధంలో పోయాడు. అమరుల పేర్లు పలకరాదు. పలికితే మౌనం ఒక్కరి సొత్తయిపోతుందని శాఖ అభిప్రాయం. అందువల్ల తల్లి ఇన్నేళ్ళుగా కొడుకును ‘వాడు’ అంటోంది. బతికున్నవాడికి అదే పేరుంటే మాత్రం పలకడానికి అభ్యంతరం లేదు. అందుకే ముసలామె రాలేని మోకాళ్ళతో వచ్చింది. చచ్చేలోపు ఆ పేరు ఒక్కసారి నోరారా పిలవాలి, ఎవరో ఒకరు బదులు పలకాలి. ఆమె కోరిక అంతే.

మౌనం విడిచింది. పిల్లవాడు చంకలో దిగాడు, ఆవలింత ముగిసింది, వరుస ముందుకు కదిలింది. నామశ్రవణాధికారి చెవులు శుభ్రంగా తుడుచుకున్న, మర్యాద గల మనిషి. కుడిచెవితో వింటానని, ఎడమది పెన్షన్ల వ్యవహారాలకు కేటాయించారని ముందే చెప్పాడు. ఆపైన పీఠిక చదవనారంభించాడు. ఏ పేరు వినాలన్నా ముందు దేశాన్ని తీర్చిదిద్దిన యుద్ధాలనూ ఉద్యమాలనూ వరుసగా స్మరించాలట. పీఠిక పొడవు, సందు పొడవు సరిసమానం. ఆయన “కావున, ఇప్పుడు” అనేసరికి కూత మొదలైంది.

తరువాతి సందులో మళ్ళీ మొదటినుంచి. అంతరాయం కలిగిన స్మరణ స్మరణ కాదు.

“రాసిస్తాను సార్,” అంది అనౌన్సరు.

“రాసిందంతా చరిత్ర తల్లీ. రేపు ఇంకొకాయన వచ్చి దిద్దుతాడు. చెవిన పడ్డదే పేరు.”

“పోనీ, ఆ పీఠిక నన్ను చదవనివ్వండి.”

దానికి అడ్డుచెప్పే నిబంధన వెతికి, దొరకక, ఆయన కాగితం ఇచ్చాడు. ఆమె గొంతు సవరించుకుని, ఎక్స్‌ప్రెస్ రైలును స్టేషన్లోకి తెచ్చినట్టు చదివింది. రాజులు కూలారు, లోయలు చేతులు మారాయి, విప్లవాలు ప్లాట్‌ఫారాలు మార్చుకున్నాయి. శతాబ్దాలన్నీ ఆలస్యం లేకుండా దాటిపోయాయి. చివరి పూర్ణవిరామం చేరి, ఊపిరి పీల్చి, నోరు తెరిచింది. కూత.

ఆ మౌనం విడిచాక అధికారి సానుభూతితో ముందుకు వంగాడు. “మొదటి అక్షరం విన్నానమ్మా. అంతవరకే ఉంచేద్దామంటారా? పొదుపుగా ఉంటుంది.”

“ఏమే,” అంది తల్లి వెనకనుంచి, “నా కొడుకు ఒక్క అక్షరమంతేనటే?”

అధికారి నొచ్చుకున్నాడు. ఇవాళ్టికి ఒక్క సందే మిగిలిందనీ, ఆపైన తూర్పు కొండ మౌనమనీ, దానితో కార్యాలయం మూసేస్తారనీ విన్నవించాడు. బాబుకు శాఖ తరఫున ‘వ్యూహాత్మక వెనుకంజ’ సిద్ధంగా ఉందనీ, నాణ్యమైన పేరనీ, నిన్ననే వచ్చిందనీ ఓదార్చాడు. ఆ ఓదార్పులో సగం సందు పోయింది. మిగిలిన సగంలో అనౌన్సరు తన వృత్తి పరువంతా పణంగా పెట్టి పీఠికను పరుగెత్తించి ముగించింది. “కావున, ఇప్పుడు” అన్నది కూడా తానే. ఆ మాట వెన్నంటే కూత లేచి, ఆగింది.

తూర్పు కొండ మౌనం. గదిలో అందరూ లేచారు, తలలు వంచారు. అధికారి చేతిలో ముద్ర గాలిలో నిలిచిపోయింది. దాని కింద వెనుకంజ ఎదురుచూస్తోంది.

పిల్లవాడొక్కడే నిలబడలేదు. (ఏడాదిలోపు వారికి మినహాయింపు ఉంది. వాళ్ళింకా జాతి కిందికి రారు.) చంకలోంచి జారి, నేల మీద నాలుగుకాళ్ళ మీద, వంగిన తలల నడుమ నుంచి, తెరిచి ఉన్న గుమ్మం వైపు సంబరంగా బయలుదేరాడు. గుమ్మం అవతల మెట్లున్నాయి. అనౌన్సరు ఒక అడుగు వేయబోయింది. తల్లి ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

ఈ ముసలామె ఇలాంటి గుమ్మం ఒకటి చూసింది. కొడుకు సంచీ భుజాన వేసుకుని గడప దాటుతూండగా ఏదో పాత యుద్ధపు కూత ఆగింది. చట్టానికి భయపడి ఆమె పిలవలేదు. మౌనం విడిచేసరికి వీధి ఖాళీ.

ఆమె తల ఎత్తింది. ఏం జరగబోతోందో అధికారికి అర్థమై కనుబొమలు పైకి లేచాయి. అంతకుమించి ఏమీ లేవలేదు. ఆమెను వారించాలంటే ఎవరైనా నోరు తెరవాలి. మౌనవేళ నోరు తెరిచే అధికారం శాఖ ఎవరికీ ఇవ్వలేదు, తనకు తాను కూడా. వినకుండా ఉండమని మాత్రం ఏ నిబంధనా లేదు. ఆయన, ఉద్యోగధర్మం తప్పని మనిషి, కుడిచెవిని అటు తిప్పాడు.

తూర్పు కొండ అమరుల కోసం ఆ గది ఇన్నేళ్ళుగా రోజూ తలవంచి నిలబడుతూనే ఉంది. వాళ్ళలో ఒక్కడి పేరైనా ఏమిటో దానికి తెలియదు. ముసలామె గడప దాకా పాకిన మనుమణ్ణి, వీధి చివరనున్నవాడికి కూడా వినబడేలా, పిలిచింది.

“కిరీటీ.”