‘కలుక్కు’ కొట్టివేయడమైనది

"ఇకమీదట ఈ ఆసుపత్రిలో రోగి తన బాధ మనిషికి చెప్పుకోనక్కర్లేదు" అని ఆరోగ్యశాఖ మంత్రిగారు ప్రకటించగానే హాలంతా చప్పట్లు మోగాయి. రోగులు కూడా కొట్టారు, చేతులు బాగున్నవాళ్ళు.

మంత్రిగారి పక్కన నిలువెత్తు మిషను ఉంది. పేరు వైద్యవాణి. దాని ముందు నిలబడి బాధ చెప్తే, ఏ డాక్టరు దగ్గరికెళ్ళాలో చీటీ ఇస్తుంది. అంతవరకూ ఆ పని ఓ ఆవిడ చేసేది. ఇరవై రెండేళ్ళుగా కిటికీ వెనక కూర్చుని, రోగి సగం చెప్పేసరికే చీటీ చింపి చేతిలో పెట్టేది. అందరూ చీటీలమ్మ అనేవారు. ఇంత వెనకబడిన పద్ధతి ఇన్నాళ్ళెలా సాగిందా అని మంత్రిగారు బాధపడ్డారు. అయినా ఆవిణ్ణి తీసెయ్యలేదు, మెత్తటి మనసు. మిషను పక్కన స్టూలేసి దుమ్ము తుడవమన్నారు. రోగులతో మాట్లాడకూడదని మెమో ఇప్పించారు.

మిషనుకి మాటలు నేర్పింది రిటైరైన తెలుగు మాస్టారు. జనం బాధ చెప్పుకునే మాటలు ఆరొందలు పోగుచేసి మిషను కంపెనీవాళ్ళు ముందు పెడితే, మాస్టారు ముక్కు మూసుకున్నంత పని చేశారు. "సలపరం, గుబులు, పీకడం... ఇది ప్రభుత్వ యంత్రమా, కుళాయి దగ్గర తగువా?" అంటూ ఎర్ర కలం తీశారు. నాలుగొందల మాటలు ఎగిరిపోయాయి. ‘కలుక్కుమనడం’ దగ్గర కలం మరీ గట్టిగా నొక్కి, పక్కన ‘గ్రామ్యం, కొట్టివేయడమైనది’ అని రాశారు. నలభై ఏళ్ళు పిల్లల తప్పులు దిద్దిన చెయ్యి మరి, ఊరుకోమంటే ఊరుకుంటుందా.

మొదటిరోజే ఓ తాపీమేస్త్రీ వచ్చి "కాళ్ళు పీకేస్తున్నాయి" అన్నాడు.

"పీకిన కాళ్ళను వెంట తెచ్చితిరా?" అంది వైద్యవాణి.

మేస్త్రీ కిందికి చూసుకుని, రెండూ ఉన్నాయని ఖాయం చేసుకుని ఇంటికెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఓ ముసలమ్మ "ఒళ్ళు కాలిపోతోంది నాయనా" అంటే ఫైరింజను వచ్చింది. వాళ్ళు నిలువునా తడిపి వెళ్ళాక జ్వరం కాస్త దిగిన మాట నిజం. ఆ ఘనత కూడా మిషనుకే దక్కింది.

మూడోనెల మంత్రిగారు రివ్యూ పెట్టారు.

"రోజుకి నాలుగొందలమంది వచ్చేవారు సార్. ఇప్పుడు తొంభై" అన్నారు సూపరింటెండెంటు, భయంభయంగా.

"అంటే మూడొందల పదిమందికి రోగాలు పోయాయన్నమాట."

సూపరింటెండెంటు నోరు తెరిచారు. ట్రాన్స్‌ఫర్ గుర్తొచ్చింది. "అన్నమాటే సార్" అన్నారు.

మిగిలిన తొంభైమందికీ భాష రావాలని ఆసుపత్రి వరండాలోనే క్లాసులు పెట్టారు. మాస్టారే పాఠం చెప్పేవారు.

"దగ్గుని ఏమంటారు?"

"కాసము" అని అందరూ దగ్గారు.

వెనక బెంచీలోంచి ఒకాయన లేచాడు. "సార్, అర్జెంటుగా బయటికెళ్ళాలి. పొద్దుట్నించీ ఇది ఆరోసారి."

"‘అతిసారము’ అని స్పష్టంగా పలికి వెళ్ళు."

పలికేలోపు వెళ్ళాల్సిన పని లేకపోయింది.

ఇంత సేవ చేసినందుకు మాస్టారికి సన్మానం పెట్టారు, ఆ ఆసుపత్రి హాల్లోనే, సాయంత్రం నాలుగింటికి. ఆరోజు మధ్యాహ్నం మాస్టారు చొక్కా ఇస్త్రీ చేసుకుంటుంటే భార్య వంటింట్లోంచి గోడ పట్టుకుని వచ్చింది. మొహం నిండా చెమట.

"ఏమండీ, గుండెల్లో కలుక్కుమంటోంది. ఎడం చెయ్యి లాగేస్తోంది."

ఆటోలో తీసుకొచ్చి, చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి మిషను ముందు నిలిపారు. ఆవిడ ఇంట్లో చెప్పినట్టే చెప్పింది.

"కలుక్కు. ఈ పదము నిఘంటువున లేదు" అంది మిషను.

ఎందుకు లేదో ఆ హాల్లో మాస్టారికి ఒక్కరికే తెలుసు.

"హృదయశూల! హృదయశూల!" అని ఆయనే అరిచారు.

"రోగి స్త్రీ. పురుష స్వరము చెల్లదు."

"ఒక్కసారి అనవే, హృ... దయ..."

ఆవిడ పెదాలు కదిపింది. ఆ మాట రాలేదు, ఒళ్ళంతా మెలితిప్పే నొప్పికి పుట్టినప్పట్నించీ వచ్చే మాటే వచ్చింది. "అమ్మా..."

టంగుమని గంట మోగింది. "ప్రసూతి విభాగము, మూడవ అంతస్తు. శుభాకాంక్షలు" అని చీటీ బయటికొచ్చింది.

స్టూలు మీది చీటీలమ్మ దుమ్ముగుడ్డ పక్కన పడేసింది. ఆ చీటీనే తిరగేసి ‘గుండె’ అని రాసి, "భయపడకండమ్మా. తప్పుకోండి మాస్టారూ" అని కుర్చీ తోసుకుంటూ పరిగెత్తింది.

ఇంకో పావుగంటయితే మనిషి దక్కేది కాదన్నాడు డాక్టరు. మాస్టారు వరండాలోనే చీటీలమ్మకి రెండు చేతులూ జోడించి ఏడ్చేశారు. "నా పాపం అమ్మా ఇది. ఇవాళ సభలోనే చెప్తాను. ఆ మాటలన్నీ మళ్ళీ పెట్టిస్తాను."

"ముందు ఆవిణ్ణి చూసుకోండి" అంది చీటీలమ్మ.

నాలుగింటికి సభ మొదలైంది. మంత్రిగారు మిషను ఇచ్చిన ఆనాటి రిపోర్టు చదివారు. "గుండె కేసులు సున్నా. ప్రసవాలు ఒకటి, తల్లి వయసు అరవై ఒకటి. సాంకేతికత సాధించిన అద్భుతం ఇది!" చప్పట్లు ఆగడానికి చాలాసేపు పట్టింది.

"అయ్యా, ఒక చిన్న మనవి..." అని మాస్టారు లేచారు.

మంత్రిగారు ఆయన చెవి దగ్గరికి వంగారు. "అన్ని ఆసుపత్రులకీ మీ నిఘంటువే పెడుతున్నాం. కమిటీకి మీరే శాశ్వత అధ్యక్షులు. ఏదో అనబోయారు?"

"ఏం లేదండీ. అందరికీ కృతజ్ఞతలు."

జ్ఞాపిక పట్టుకుని దిగుతుంటే సూపరింటెండెంటు ఓ కాగితంతో ఎదురొచ్చారు. "అధ్యక్షులవారూ, మెమో ఒకటి పంపాలి. భాష సరిగ్గా ఉందో లేదో చూసి సంతకం చెయ్యండి."

మాస్టారు చదివారు. ‘రోగితో సంభాషించినందులకును, అధికారిక చీటీపై "గుండె" అను గ్రామ్య పదము రాసినందులకును, సదరు ఉద్యోగినిని విధులనుండి తొలగించడమైనది.’

తర్వాత జేబులోంచి ఎర్ర కలం తీశారు.

‘రాసినందులకును’ తప్పు. దాన్ని కొట్టేసి ‘వ్రాసినందులకును’ అని దిద్ది, కింద సంతకం పెట్టారు.