చీరల పెట్టెలో గిటార్ మోత

ఆదివారం పొద్దున ఉమామహేశ్వర వేసుకున్న పథకం చాలా చిన్నది. టిఫిన్ తినాలి, గిటార్ వాయించాలి, ఉద్యోగం కొట్టాలి. కర్నూలులో పెళ్లి ఆర్కెస్ట్రా నడిపే రాఘవేంద్రప్రసాద్ స్వయంగా ఎమ్మిగనూరు వచ్చి వినబోతున్నారు. ఆయనకు నచ్చకపోతే సోమవారం నుంచి మామగారి కొట్లో చీరలు మడతపెట్టడమే గతి.

గిటార్ శబ్దాన్ని పెంచే పాత ఆంప్ కాలిపోయింది. దాని పని ఇప్పుడు లాప్‌టాప్ చేస్తోంది. ఆంప్, స్పీకర్ డబ్బా, డబ్బా ముందు మైకు, అన్నీ తెరమీద బొమ్మలే. డబ్బా బొమ్మ తీసేస్తే గిటార్ కందిరీగలా రొదపెడుతుంది. పెడితే గుండెల్లో మోగుతుంది. అబ్బ, ఏం మోత అది!

ఇంతలో రాఘవేంద్రప్రసాద్ ఫోన్ చేశారు. "డబ్బా పెద్దదేనా అప్పా? కంప్యూటర్ శబ్దమైతే నేను రాను. నాకు చెక్క డబ్బా మోత కావాల."

"శానా పెద్దది సార్!" అనేశాడు ఉమామహేశ్వర.

"యాడుండాది డబ్బా?" అంది పక్కనే ఉన్న భార్య శివలీల.

"నువ్వే ఏదో ఒకటి సూడు తల్లీ!"

శివలీల చెక్కపెట్టెలోని చీరలు మంచం మీద కుమ్మరించి, పెట్టెకు నల్లగుడ్డ చుట్టి నిలబెట్టింది. లాప్‌టాప్, దానికి తగిలించిన పాటలు వినే స్పీకర్లు దాని వెనక దాక్కున్నాయి.

రాఘవేంద్రప్రసాద్ వచ్చారు. కళ్లు మూసుకుని విన్నారు. "శభాష్! చెక్కంటే ఇదీ! రోంత కీసుమంటాండాది గానీ. డబ్బా పక్కకు తిప్పమ్మా."

శివలీల పెట్టె తిప్పింది. అదే క్షణంలో ఉమామహేశ్వర చాటుగా లాప్‌టాప్ తెరమీది మైకును స్పీకర్ నడుమ నుంచి అంచుకు జరిపాడు. మోత మెత్తబడింది.

"ఆఁ, ఇప్పుడు సరిపాయ! నా చెవులతోనా ఆటలు? రామాంజీ, డబ్బా వ్యాన్‌లోకి ఎక్కించు. సాయంత్రమే రిహార్సల్."

"వద్దు సార్, శానా బరువు!"

ఆ మాట డ్రైవర్ రామాంజికి పౌరుషం తెప్పించింది. ఊపిరి బిగబట్టి ఒక్క ఊపున ఎత్తాడు. ఖాళీ పెట్టె గాల్లోకి లేచింది, రామాంజి వెల్లకిలా పడ్డాడు, గుడ్డ జారి మూత తెరుచుకుని, అడుగున మిగిలిన పాత చీర ఒకటి రాఘవేంద్రప్రసాద్ భుజాన పడింది.

"ఇదేందప్పా?"

"తప్పయింది సార్. మోతంతా లాప్‌టాప్‌దే. ఎవరో నిజం డబ్బా ముందర మైకు పెట్టి, దాని గుణమంతా పట్టి ఇందులో పెట్టినారు."

రాఘవేంద్రప్రసాద్ చీర తీసి పక్కన పెట్టారు. లాప్‌టాప్ తెరవైపు వంగి చూశారు. ఉమామహేశ్వరకు ఏడుపొక్కటే తక్కువ.

"అంటే నేను విన్నది నిజం డబ్బానే?"

"నిజం డబ్బానే సార్."

"నా చెవులు తప్పు చేయలే?"

"యాడన్నా చేస్తాయా సార్!"

"అట్లయితే ఎక్కు వ్యాన్. ఇంత మోతను వదిలిపెడతానా? ఆ పెట్టె గూడా తే. పెండ్లోళ్లకు డబ్బా కనపడాల."

ఇప్పుడు ప్రతి పెళ్లికీ ఆ ఖాళీ పెట్టెను ఇద్దరు మోస్తున్నారు. దించేటప్పుడు ఎంత ఆయాసపడాలో రాఘవేంద్రప్రసాద్ గారే దగ్గరుండి నేర్పించారు.