రాయి ముద్ర పడ్డ కొంగ

ఒక పెద్ద అడవిలో, అడవి కంటే ఆఫీసులు పెద్దవైపోయిన రోజుల్లో, ధవళయ్య అనే కొంగ చేపలు తినడం మానేశాడు.

అజీర్తి చేసి కాదు, వైరాగ్యం పుట్టీ కాదు. చెరువులో కొత్తగా మత్స్య సంరక్షణ సంఘం పెట్టారు. అధ్యక్షుడిగా ఎవరుండాలి అంటే, చేపల గురించి ధవళయ్యకు తెలిసినంత ఇంకెవరికి తెలుసన్నారు. అదీ నిజమే.

"పదవి ఇస్తాం గానీ ఒక షరతండీ" అన్నాడు కార్యదర్శి కప్ప కామేశం. "మీ ఇంట్లో మూడు చేపల్ని పెంచి చూపించాలి. చెరువు చేపలైతే మీకు పాత అలవాటు గుర్తొస్తుంది కాబట్టి సముద్రపు చేపల్ని పెంచండి. ఒక్కటి తగ్గినా పదవి ఊడినట్టే."

ఆ షరతులో కప్పల ఊసు లేదు. ఆ సంగతి కామేశానికి తర్వాత వెలిగింది. అప్పట్నుంచీ రెండు బారల దూరంలో నిలబడే మాట్లాడుతున్నాడు.

ధవళయ్య గుమ్మం పక్కన పెద్ద అద్దాల తొట్టి కట్టించి ఉప్పునీళ్లు పోయించాడు. సముద్రం సరుకు అమ్మే ఒడ్డుకాకి మూడు చేపల్ని తెచ్చి అందులో వదిలింది. ధవళయ్య వాటికి నీలాలు, సింధూరం, బొద్దమ్మ అని పేర్లు పెట్టాడు. మొదట్లో పదవి కోసమే గానీ, చూడగా చూడగా వాటి మీద నిజంగానే మమకారం పుట్టింది. బొద్దమ్మ అద్దానికి మూతి ఆనిస్తే చాలు, "ఏం తల్లీ, లేచావా?" అని పలకరించేవాడు. తను మాత్రం నత్తలతో కడుపు నింపుకునేవాడు.

అయినా నమ్మినవాడు లేడు. కామేశం రోజూ పొద్దున్నే వచ్చి చేపల్ని లెక్కపెట్టేవాడు. తర్వాత ధవళయ్యను నోరు తెరవమని దూరం నుంచే వాసన చూసేవాడు. "ఏమనుకోకండి, పద్ధతి" అనేవాడు. ధవళయ్యకు ఒళ్లు మండేది. అయినా తెరిచేవాడు.

ఇలా ఉండగా తొట్టిలో నీళ్లు చెడిపోయాయి. ఎన్నిసార్లు మార్చినా అంతే. చేపలు పైకి తేలి, నోళ్లు తెరుచుకుని రొప్పుతున్నాయి. ధవళయ్య ఒడ్డుకాకికి కబురు పెట్టాడు. చేప పోతే ఆ బాధ ఒక ఎత్తు. కొంగ ఇంట్లో చేప జబ్బు చేసి చచ్చిపోయిందంటే నమ్మే వెర్రివాడు ముల్లోకాల్లో ఎక్కడైనా ఉంటాడా?

ఒడ్డుకాకి వచ్చి చూసి నెత్తి కొట్టుకుంది. "నీ తెలివి తెల్లారినట్టే ఉంది! ఉత్త నీళ్లలో సముద్రపు చేపలు బతుకుతాయా? బతికున్న రాయి వేయాలి. సముద్రం అడుగున దొరుకుతుంది. దాని ఒళ్లంతా తొర్రలు, తొర్రల నిండా ప్రాణాలు. నీళ్లలో మురికంతా అవే తినేస్తాయి. రెండు రోజుల్లో తెచ్చి వేశావా, చేపలు దక్కుతాయి. లేదా, దణ్ణం పెట్టేసుకో."

"ఆ రాయేదో నువ్వే తెచ్చిపెట్టవే."

"రాయి ఇస్తాను గానీ అడవి సరిహద్దు దాటించలేను. గేటులో ఉడుము దొరస్వామి ఉన్నాడు. చేపలు తెచ్చినప్పుడు ఆయన సెలవులో ఉన్నాడు కాబట్టి సరిపోయింది."

చేసేదేముంది? ధవళయ్య తానే సముద్రానికి వెళ్లి, గుమ్మడికాయంత రాయి కొని, తడి గోనెలో చుట్టి, తోపుడుబండి మీద పెట్టుకుని బయల్దేరాడు. ఎగిరిపోదామంటే రాయి బరువు. పుట్టి బుద్ధెరిగాక కొంగ బండి తొయ్యడం ఎవరూ చూడలేదు. దారిపొడుగునా కోతులు చెట్లు దిగి మరీ చూశాయి.

సగం దూరం వచ్చాక గోనెలోంచి గొంతు వినిపించింది.

"ఏటి బాబూ, బండి గతుకుల్లో తోత్తన్నావు? నడుం ఇరిగిపోతంది."

ధవళయ్య ఉలిక్కిపడి గోనె విప్పాడు. తొర్రలోంచి ఒక పీత రెండు కళ్లూ బయటపెట్టి చూస్తోంది.

"ఎవరు నువ్వు?"

"నాను అప్పలకొండని. ఈ రాయి మాయిల్లు. ఇల్లుతోపాటు నన్నూ ఎత్తుకొచ్చేత్తే మరి నానెక్కడికెల్తాను?"

ధవళయ్య జరిగిందంతా చెప్పాడు. చేపల సంగతి చెబుతున్నప్పుడు కళ్లు తుడుచుకున్నాడు. అప్పలకొండ మనసు కరిగి, "సరే, అయితే పోనీ. మరి ఏడవకు" అన్నాడు.

సరిహద్దు గేటు దగ్గర పెద్ద బోర్డు ఉంది. రాళ్లు వెంటనే వదలబడును. సరుకుగా వచ్చిన ప్రాణులు పక్షం రోజులు నిర్బంధంలో ఉంచబడును. తమంత తాము వచ్చిన ప్రయాణికులు సామానుతో సహా వెళ్లవచ్చును.

ధవళయ్య బోర్డు రెండుసార్లు పైకే చదివాడు. పక్షం రోజులంటే అక్కడ చేపలకు పెద్దకర్మ కూడా అయిపోతుంది. బండి పక్కకు తీసి, రాయి మీదికి వంగి గుసగుసలాడాడు.

"అందరూ వినండి. దొరస్వామి మనల్ని ఎండలో పెట్టి కళ్లార్పకుండా చూస్తాడు. గేటు కర్ర నీడ ఆయన తోక దాటేలోపు కదిలింది ప్రాణి, కదలనిది రాయి. అదీ ఇక్కడి పరీక్ష. కాబట్టి ఎవరూ కదలొద్దు. కదలకుండా ఉండటం మా వంశవిద్య. నన్ను చూసి నాలా ఉండండి."

తొర్రల్లోని ప్రాణులన్నీ సరేనన్నాయి. దొరస్వామి వచ్చాడు. పట్టుకుంటే వదలని జాతి, అందులోనూ ఆఫీసరు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, ఎదురుగా చతికిలబడ్డాడు.

రాయి పక్కనే ధవళయ్య ఒంటికాలి మీద నిలబడి, కళ్లు సగం మూసి, మెడ లోపలికి లాక్కున్నాడు. ఈగ వచ్చి ముక్కు మీద వాలినా చలించలేదు. అంత బాగా ఆయన చేపల్ని పట్టే రోజుల్లో కూడా నిలబడలేదు.

నీడ జరుగుతోంది. ఎండ మండిపోతోంది. నీడ దొరస్వామి తోక కొసకు వచ్చింది. ఇంకొక్క చిటికె ఆగితే గట్టెక్కినట్టే.

"బాబ్బాబు, కాసిన్ని ఉప్పునీళ్లుంటే ఇప్పించండి" అంటూ అప్పలకొండ బయటికొచ్చేశాడు. "గొంతెండిపోతంది."

ధవళయ్య లోలోపలే నెత్తి బాదుకున్నాడు. పైకి మాత్రం కదల్లేదు. తను కదిలితే తనను చూసి లోపలున్నవన్నీ కదులుతాయి. పీత పోతే పోయింది, రాయైనా దక్కనీ అనుకున్నాడు.

"నువ్వెవరు?" అన్నాడు దొరస్వామి.

"అప్పలకొండనండి. మాది సముద్రం."

"నిన్నెవరైనా తెచ్చారా, నువ్వే వచ్చావా?"

పీతకు బోర్డు సంగతి గుర్తొచ్చింది. "నానే వచ్చినానండి."

"అయితే ప్రయాణికుడివి. ఈ తొర్రల రాయి?"

"మాయిల్లండి."

"ఈ తెల్లది?"

అప్పలకొండ ధవళయ్య వైపు చూశాడు. కదలొద్దన్నది ఆయనే. ఆయన మాట కాదనడం ఎందుకని, "అదీ రాయేనండి. మాయింట్లో అలంకారానికి" అన్నాడు.

"చక్కని పనితనం" అని దొరస్వామి మెచ్చుకుని, ధవళయ్య రొమ్ము మీద దబ్బున ఊదారంగు ముద్ర గుద్దాడు. రాయి, తనిఖీ అయినది.

ఆ దెబ్బకు ధవళయ్యకు కదలక తప్పలేదు. "అయ్యా! నేను కొంగనండీ! మత్స్య సంరక్షణ సంఘం అధ్యక్షుణ్ణి!"

దొరస్వామి కోప్పడలేదు. అనుభవమున్నవాడు. "బాబూ, ముద్ర పడ్డాక నేనైనా చెరపలేను. నువ్వు రాయివైతే ఇప్పుడే పో. కాదు, ప్రాణివే అంటావా, ఇతగాడి సామానులో వచ్చిన ప్రాణివి. పక్షం రోజులు గదిలో ఉండు. ఏదో ఒకటి త్వరగా తేల్చు, నాకు భోజనం వేళయింది."

ధవళయ్యకు అద్దానికి మూతి ఆనించి రొప్పుతున్న బొద్దమ్మ కళ్లముందు మెదిలింది. ఏడుపొచ్చింది. ఏడిస్తే ప్రాణి కింద లెక్క కాబట్టి దాన్నీ దిగమింగాడు. మళ్లీ ఒంటికాలి మీద నిలబడ్డాడు. గేటు దగ్గర మేస్తున్న గాడిద ఒకటి జాలిపడి బండిని ఇంటిదాకా తోసిపెట్టింది.

రాయి పడిన రెండో రోజుకే తొట్టిలో నీళ్లు తేటపడ్డాయి. చేపలు తేరుకుని ఈదసాగాయి. ధవళయ్య ఆనందానికి హద్దు లేదు.

కామేశం వచ్చి చేపల్ని లెక్కపెట్టాడు. మూడూ ఉన్నాయి. తర్వాత ముద్ర చూశాడు. సంఘం అత్యవసరంగా సమావేశమైంది.

"నేను రాజీనామా చేస్తాను" అన్నాడు ధవళయ్య సిగ్గుతో చచ్చిపోతూ.

"ఎందుకండీ?" అన్నాడు కామేశం. "కొంగ అధ్యక్షుడైతే చేపలకు భయం. రాయి అధ్యక్షుడైతే భయమేముంది? తినదు, తిట్టదు, ఖర్చులు అడగదు. మీరే మాకు శాశ్వత అధ్యక్షులు. అయితే రాయి అన్నాక తొట్టిలో ఉండాలి గానీ గుమ్మంలో ఎందుకు?"

తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. ధవళయ్యను తొట్టిలో ఓ మూల నిలబెట్టారు. కామేశం మొదటిసారి దగ్గరికి వచ్చి ఆయన కాలి మీద చెయ్యి వేసి మరీ అభినందించాడు. ఆ రోజు నుంచి లెక్కల్లేవు, వాసన చూడటాల్లేవు.

విచిత్రమేమిటంటే, పొద్దున్నే నోరు తెరిపించి వాసన చూసినన్నాళ్లూ ధవళయ్యకు ఆకలి మీదికి ధ్యాస పోలేదు. వీళ్లకు బుద్ధి చెప్పాలన్న రోషమే కడుపు నింపేది. ఇప్పుడా రోషం లేదు. నత్తలు ఏరుకోవడానికి రాయి బయటికి పోకూడదు కూడా.

ఒక మధ్యాహ్నం బొద్దమ్మ, రాయే కదా అని, ఆయన కాలికి ఒళ్లు రుద్దుకుంటోంది.

"ఏం తల్లీ" అన్నాడు ధవళయ్య ప్రేమగా. ఆ ప్రేమ నిజమైనదే. తర్వాత జరిగిందీ నిజమే.

మర్నాడు చేపలు రెండే ఉన్నాయని చెరువంతా గగ్గోలైంది. కామేశం పరుగున వచ్చి అప్పలకొండ మెడ పట్టుకున్నాడు. "తొట్టిలో నోరున్నవాడివి నువ్వొక్కడివే. చెప్పు, ఏం చేశావు?"

"నానేటి సేసినాను బాబూ! ఆ కొంగ తినేసినాడు! నా కళ్లారా సూసినాను!"

సంఘమంతా ఘొల్లున నవ్వింది. "రాయి చేపను తింటుందిటయ్యా? అది రాయి అని గేటులో సాక్ష్యం చెప్పింది నువ్వే కదా!"

అప్పలకొండను తొట్టిలోంచి వెళ్లగొట్టారు. వెళ్లేముందు తన ఇంటి వైపు ఒకసారి చూసుకున్నాడు. ఇల్లు సంఘం ఆస్తి అయిపోయింది కాబట్టి ఒట్టి చేతులతో సముద్రం దారి పట్టాడు.

ధవళయ్య ఒంటికాలి మీద కళ్లు మూసుకుని నిలబడే ఉన్నాడు. బొద్దమ్మను తలుచుకుంటే దుఃఖం వచ్చింది, దాని వెనకే తేన్పూ వచ్చింది. రెండూ మింగేశాడు.

నీతి: మంచివాడివని ఎవరూ నమ్మకపోతే దిగులుపడకు, రాయివని ఒక ముద్ర వేయించుకో.